వడ్డించే చేతికి ఒక విన్నపం

(అమలాపురంలో పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, సంఘ కార్యవర్గానికి, కుటుంబాలతో తరలివచ్చిన సభ్యులందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మన సంప్రదాయమే అయినా, భోజనాల వేళ దగ్గర పడుతున్నది, నేను చెప్పవలసినది కూడా భోజనం గురించే కనుక ఆ సమయాన్ని విషయానికే వినియోగిస్తాను. పెద్దలు మన్నించాలి.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పింఛను యజమాని దయతో ఇచ్చే దానం కాదని, అది ఉద్యోగి హక్కు అని స్పష్టం చేసింది. ఆ తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు బరువు, కొలెస్ట్రాల్ తగ్గించుకోవడం గురించి మాట్లాడమన్నారు. నేను కళాశాలలో జంతుశాస్త్రం బోధించినవాడినే గాని వైద్యుడిని కాను. అందువల్ల మందుల జోలికి పోకుండా, ఒంట్లో జరిగేదేమిటో, కంచంలో మార్చవలసినదేమిటో మాత్రమే చెబుతాను.

ముందుగా మన నేల సంగతి. 2003, 2004 సంవత్సరాలలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1,80,000 మంది జనాభాలో, ఏడాది కాలంలో సంభవించిన మరణాలకు కారణాలేమిటో పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి విచారించారు. నమోదైన 1,354 మరణాలలో నూటికి 32 గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన జబ్బుల వల్ల సంభవించినవే. అంటువ్యాధుల వల్ల పోయినవారు నూటికి 12 మంది. పల్లెటూళ్ళలో జనం జ్వరాలతోనూ విరేచనాలతోనూ పోతారని, గుండెపోటు పట్నవాసపు జబ్బని నమ్ముతూ వచ్చిన మనకు ఆ లెక్క కళ్ళు తెరిపించి ఉండవలసింది. అవి మన ఊళ్ళు, మన వరిచేల పక్కనున్న ఇళ్ళు. ఆ విచారణ జరిగి రెండు దశాబ్దాలు దాటినా మన పెళ్ళి విస్తరిలో ఒక్క నూనె వంటకం తగ్గలేదు.

కొలెస్ట్రాల్ విషం కాదు. కణాల పొరలకు, కొన్ని హార్మోన్ల తయారీకి అది కావాలి. మన ఒంటిలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే తయారు చేసుకుంటుంది. చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసివేసేది కూడా ప్రధానంగా కాలేయమే. అందుకు దాని కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకొనే ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. ఈ సంగతి కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. నెయ్యి, వెన్న, కొవ్వున్న మాంసం, పామాయిలు, కొబ్బరినూనె వంటి వాటిలోని సంతృప్త కొవ్వు అతిగా తింటే ఆ గ్రాహకాల పని మందగిస్తుంది, రక్తంలో ఎల్‌డీఎల్ నిలిచిపోతుంది, ఏళ్ళ తరబడి రక్తనాళాల గోడలలో చేరుతుంది. నూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేనిది' అని రాసి ఉన్నంత మాత్రాన మోసపోకండి. మొక్క నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగిన కొలెస్ట్రాల్ ఉండదు. చూడవలసినది సంతృప్త కొవ్వు ఎంత ఉన్నదని. కొబ్బరి మన కోనసీమకు అన్నం పెట్టిన పంట, దానిమీద నాకున్న అభిమానం ఎవరికీ తీసిపోదు. అయినా కొబ్బరినూనెలో నూటికి 90 పాళ్ళ వరకు సంతృప్త కొవ్వే ఉంటుందన్న మాట దాచను. బొండం నీళ్ళలో కొవ్వు లేదు, కొద్దిపాటి పచ్చడితోనూ ప్రమాదం లేదు.

రెండవది ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు. ఇవి మన జిల్లాల అసలు బాధ అని నా అభిప్రాయం. "నేను నెయ్యి ముట్టను, మాంసం తినను, నాకెందుకు పెరిగాయి?" అని మన సభ్యులు రిపోర్టు చేతిలో పట్టుకొని అడుగుతూ ఉంటారు. అన్నం, పంచదార, బెల్లం, మద్యం, వీటిలో ఖర్చు కాకుండా మిగిలిన శక్తిని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యం తిని, కుర్చీలో కూర్చున్నవారికి నెయ్యి అక్కరలేకుండానే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, పొట్ట పెరుగుతుంది. మన దేశస్థులకు పొట్ట కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే ప్రమాదమని వైద్యులు అంటారు. ఎత్తు, బరువుల నిష్పత్తి అయిన బీఎంఐ కూడా మనకు 23 దాటగానే అధిక బరువు; పాశ్చాత్యులకు చెప్పే 25 మనకు వర్తించదు.

ఇక్కడి నుంచి పథ్యం, వ్యాయామం, మందులు అని వరుసగా చెప్పాలని కాగితం మీద రాసుకొని వచ్చాను. కాని మా పెద్ద బావగారి సంగతి చెప్పకుండా ఆ వరుసలోకి పోలేను.

ఆయన నా భార్యకు అన్నగారు. సొంత వ్యవసాయం చేసినన్నాళ్ళూ తెల్లవారకముందే చేలగట్ల మీద ఉండేవారు. పొలం కౌలుకిచ్చాక నడక పోయింది, కంచంలోని అన్నం మాత్రం అంతే ఉండిపోయింది. పరీక్షలో కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా తేలితే డాక్టరుగారు మాత్ర రాసి, తిండి తగ్గించి, నడవమన్నారు. ఆయన మాట తప్పని మనిషి. రాత్రి అన్నం మానేశారు, కాలవగట్టున నడక మొదలుపెట్టారు, కొన్ని నెలలలో పంచె బిగించి కట్టుకోవలసి వచ్చేంత తగ్గారు, రిపోర్టు కూడా మెరుగైంది.

అప్పుడు ఊరు ఆయన వెంట పడింది. "ఏమిటండీ అలా చిక్కిపోయారు, ఒంట్లో బాగుండడం లేదా?" అని ఎదురైన ప్రతివారూ జాలిపడ్డారు. బరువు తగ్గినవాడిని అభినందించడం మనకు తెలియదు, పరామర్శించడమే తెలుసు. ఏ శుభకార్యానికి వెళ్ళినా విస్తరి ముందు చేతులు అడ్డం పెట్టిన పెద్దమనిషి వేళ్ళ సందుల్లోంచి బూరె పడేది, దానిలో గుంట చేసి నెయ్యి పోసేవారు. "ఒక్కదానికి ఏమవుతుంది", "నా మీద ఒట్టే", "మా ఇంట్లో చెయ్యి కడిగి వెళ్ళిపోతారా". ఎవరి మనసూ నొప్పించలేని సౌమ్యుడు ఆయన. ప్రతి ఇంటివారికీ అది ఒక్క బూరె. ఆయనకు మాత్రం అది ఏడాది పొడుగునా ప్రతి పెళ్ళి, ప్రతి గృహప్రవేశం, ప్రతి ఓణీల వేడుక. క్రమంగా బరువు తిరిగి వచ్చింది. రిపోర్టు బాగున్నదని ఎవరో చెప్పిన సలహాతో మాత్ర కూడా ఆపేశారు. ఒక గృహప్రవేశపు విందు తరువాత రాత్రి గుండెల్లో బరువుగా ఉన్నదంటే గ్యాసని సోడా తాగించారు. తెల్లవారుజామున చెమటలు పట్టాక కారు మాట్లాడుకొని కాకినాడ బయలుదేరారు. ఆసుపత్రి గుమ్మం చేరేసరికి ఆయన లేరు.

ఆయనకు అన్నం పెట్టినవారెవరూ చెడ్డవారు కారు; అందరూ ఆయనను ప్రేమించినవారే. అందుకే నాకు ఇంత బాధ. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాసని మీరు నిర్ణయించకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. వైద్యుడు చెప్పకుండా కొలెస్ట్రాల్ మాత్ర ఆపకండి. రిపోర్టు బాగున్నదంటే మాత్ర పనిచేస్తున్నదని అర్థం. కొందరికి ఎల్‌డీఎల్ వంశపారంపర్యంగానే ఎక్కువ. వారికి ఎంత పథ్యమూ ఒక్కటే చాలదు.

బలవంతపు వడ్డన మనకు ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఆలోచించాను. 1833 నాటి కరువు ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఆ తరువాత 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక ఈ నేల వరిచేనుగా మారింది. ఆకలి చూసిన తరం అతిథికి కడుపునిండా పెట్టడాన్నే ధర్మంగా ఎంచింది. నాట్లు వేసి, కుప్పలు నూర్చి, బస్తాలు మోసిన ఒళ్ళకు ఆ అన్నం కావలసే వచ్చింది. ఇప్పుడు కోతకు యంత్రం, పక్క వీధికి మోటారుసైకిలు. ఒళ్ళు చేసే పని పోయింది, పెట్టే చెయ్యి మాత్రం ఆగలేదు.

మనసుంటే ఊరికి ఊరే మారగలదనడానికి ఫిన్లాండు దేశంలోని ఉత్తర కరేలియా సాక్ష్యం. గుండెపోటు మరణాలలో లోకంలోనే ముందువరుసలో ఉన్న ప్రాంతం అది. రొట్టె మీద మందంగా వెన్న, చిక్కటి పాలు, కొవ్వు మాంసం వారి మర్యాద. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడు అక్కడి ప్రజలతో కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆయన రోగులకు చీట్లు రాసి ఊరుకోలేదు. గృహిణుల సంఘాల దగ్గరకు వెళ్ళాడు. ఆ స్త్రీలు విందులలో వండే కూరలలో మాంసం తగ్గించి కూరగాయలు పెంచారు, వెన్నకు బదులు నూనె వాడారు. తరువాతి కాలంలో కొలెస్ట్రాల్ తగ్గించడంలో ఒక ఊరికీ మరొక ఊరికీ పోటీలు పెట్టుకున్నారు. సుమారు మూడున్నర దశాబ్దాలలో అక్కడ పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు నూటికి 80కి పైగా తగ్గాయి. పోటీకి మన దగ్గర కోడిపందాలు, పడవ పందాలు ఉన్నాయి. లంక గ్రామాల మధ్య ఇటువంటి పోటీ ఒకటి పెట్టడానికి మనకేమి తక్కువ?

కంచం గురించి చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మన శక్తిలో 45 శాతానికి మించి ధాన్యం నుంచి రాకూడదు. 2,000 కేలరీలు కావలసిన మనిషికి అది రోజంతటికీ 250 గ్రాముల ముడి ధాన్యం, దానితో 400 గ్రాముల కూరగాయలు. మన ఇళ్ళలో లెక్క తిరగబడి ఉంటుంది. ఈ మధ్యాహ్నం నుంచే ముందు కూర, పప్పు వడ్డించుకొని, చివర అన్నం పెట్టుకోండి. కందా బచ్చలి, అరటిదూట, తోటకూర, ములక్కాడ, బెండకాయ, గోంగూర, అన్నీ మన పెరటివే. బొబ్బర్లు, ఉలవలు, పెసలు, మెంతులు, జామకాయలలో కరిగే పీచు ఉంటుంది; అది ప్రేగులో పిత్తరసాన్ని పట్టుకొని బయటకు పోతుంది, కొత్త పిత్తం తయారీకి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. చేప తినేవారు పులుసు పెట్టుకోండి, వేపుడు మానండి. నూనె లెక్క సులువు: రోజుకు మనిషికి 30 గ్రాములు పైహద్దు, అంటే నెలకు సుమారు ఒక లీటరు. బరువు తగ్గవలసినవారికి అరలీటరు చాలు. నలుగురున్న ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో కిరాణా చీటీ చూసుకోండి. వాడిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఇందులో స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బహిష్టు ఆగిన తరువాత వారిలోనూ ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అందరికీ పెట్టాక గిన్నెలో మిగిలినది పారేయలేక తినే అలవాటు వారిని చాలా నష్టపరుస్తున్నది. భర్తకు పథ్యం వండి తాను మిగులు తినే ఇల్లాలికి ఎవరు పరీక్ష చేయిస్తున్నారు? మగవారు దీనికి జవాబు చెప్పాలి.

నడక మాటకు వస్తే, లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సులలో రోజంతా కూర్చునే డ్రైవర్లనూ, మెట్లెక్కి దిగే కండక్టర్లనూ పోల్చి చూసి, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో ప్రకటించాడు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక మన వయసుకు సరిపోతుంది. దానివల్ల ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, మంచి కొలెస్ట్రాల్ కొద్దిగా పెరుగుతుంది, రక్తపోటు దిగుతుంది. అయితే అరగంట నడకకు ఖర్చయ్యే శక్తి సుమారుగా ఒక పెద్ద చెంచాడు నూనెలో ఉన్నంతే. నడిచి వచ్చి హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నవారు బరువు తగ్గలేదని నడకను నిందించకూడదు. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేచి కూర్చోవడం సాధన చేయండి. అరవై దాటాక త్వరత్వరగా బరువు తగ్గితే కండ కూడా కరుగుతుంది. పప్పు, పెరుగు, చేప, గుడ్డు తగ్గించకండి. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు అన్నం తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడి తీరాలి, లేకపోతే చక్కెర పడిపోతుంది. ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు నెమ్మదిగా తగ్గినా ట్రైగ్లిజరైడ్లలో స్పష్టమైన తేడా కనిపిస్తుంది.

నెల తిరగకముందే సంక్రాంతి. అల్లుళ్ళు వస్తారు, ఆత్రేయపురం పూతరేకులూ తాపేశ్వరం కాజాలూ వస్తాయి, అరిసెలు పొంగుతాయి. వండవద్దని నేను అనను. పండుగ పండుగలాగే జరగాలి. నలభై దాటిన ఆ అల్లుడి తండ్రికి గుండె రక్తనాళంలో స్టెంటు ఉండవచ్చు, అల్లుడికే ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా, 180 ఉండవచ్చు. అమ్మలారా, అయ్యలారా, అతను చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిని గౌరవించండి. వడ్డించేది ఆడవారే అయినా, 'ఇంకా వెయ్యి' అని పురమాయించేది చాలా ఇళ్ళలో మగవారే. మీ కాళ్ళకు మొక్కి అడుగుతున్నాను, 'వద్దు' అన్నవారికి రెండోసారి వడ్డించకండి. చిక్కిపోయారని జాలిపడకండి. తగ్గినవారిని చూసి 'ఎలా తగ్గారో మాకూ చెప్పండి' అని అడగండి.

అధ్యక్షా, ఈ సభ ముందు ఒక తీర్మానం ఉంచుతున్నాను. మన సంఘం జరిపే భోజనాలలో అడిగినవారికి మాత్రమే మారు వడ్డించాలనీ, నూనెలో వేగినవి ఒకటికి మించి ఉండకూడదనీ, ప్రతి సమావేశంలో సభ్యులకు, వారి జీవిత భాగస్వాములకు కూడా పొట్ట కొలత, రక్తపోటు చూసి పుస్తకంలో రాయాలనీ దాని సారాంశం. కొలిచే టేపు, రక్తపోటు యంత్రం నేను తెచ్చి కార్యదర్శిగారికి అప్పగించాను. ప్రతిపాదకుడిగా నా పేరు రాసుకొని, బలపరచేవారిని పిలవవలసిందిగా కోరుతున్నాను.