నామినీ వేరు, వారసుడు వేరు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటా అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకే దండం.

ఇంట్లో మనిషి పోయాక కాగితాల పని మరణ నమోదుతో మొదలవుతుంది. గడువు 21 రోజులు. ఆసుపత్రిలో పోతే వాళ్లే తెలియజేస్తారు. ఇంట్లో పోతే ఆ బాధ్యత ఇంటివాళ్లదే. ఏడాది దాటిందా, మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు అక్షరం అక్షరం చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో పొడి అక్షరం, సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే ప్రతి కౌంటరులోనూ అఫిడవిట్ అడుగుతారు. కాపీలు ఓ పది తీసుకోండి.

తర్వాత బ్యాంకు... కాదు, ముందు ఏటీఎం కార్డు సంగతి చెప్పాలి. పిన్ తెలుసు కదా అని డబ్బు తీయకండి. ఖర్చులకే తీసినా సరే, తీయకండి! ఆ డబ్బు ఇప్పుడు వారసులందరిదీ. రేపు తోడబుట్టినవాళ్లే లెక్క అడుగుతారు. పోయిన తర్వాతి రోజులకు పడిన పింఛను ఎలాగూ వెనక్కి కట్టాల్సిందే.

నామినీయే యజమాని అనుకునేవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం సభ! నామినీ డబ్బు అందుకునే మనిషి, అంతే. భార్యను నామినీగా రాసిన బీమా సొమ్ములో తల్లికీ కొడుక్కీ వాటా ఉందా అన్న తగాదాలో, ఉందని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. షేర్ల విషయంలో 2023లో మళ్లీ అదే మాట. బీమాకు మాత్రం 2015లో చట్టం మారింది, అది వేరే కథ. బ్యాంకు డబ్బుకు పాత సూత్రమే. హిందూ పురుషుడు వీలునామా రాయకుండా పోతే తల్లి, భార్య, పిల్లలు సమాన వాటాదారులు. ఈ వరసలో తల్లినే మర్చిపోతుంటారు. అయ్యా, తల్లిని మర్చిపోకండి.

నామినీ లేకపోతే? రిజర్వు బ్యాంకు 2025 ఆదేశాల ప్రకారం 15 లక్షల దాకా సులభ పద్ధతిలోనే ఇవ్వాలి, సహకార బ్యాంకుల్లో అయితే 5 లక్షల దాకా. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. ‘కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అదే వారసత్వ పత్రం, తెండి’ అని తిప్పి పంపితే ఈ ఆదేశాల సంగతి గట్టిగా అడగండి. జాయింటు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఇంకో మెలిక ఉంది. ‘ఇద్దరిలో ఎవరైనా’ అని రాసుకున్నా, గడువుకు ముందే తీయాలంటే చనిపోయినవారి వారసుల సంతకాలు అడుగుతారు. ఆ అనుమతి ముందే రాసి ఇచ్చి ఉంటే ఈ బాధ లేదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు, ఒక్క నిమిషం. ఖాతా మూసేముందు పాస్‌బుక్కులో మే, జూన్ నెలల గీతలు చూడండి. 436 రూపాయలు కోత పడి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టే, రెండు లక్షలు. 20 రూపాయల కోత ఉంటే ప్రమాద బీమా. ఆ క్లెయిము ఫారాలు కూడా బ్యాంకు బ్రాంచిలోనే ఇవ్వాలి.