కడుపులో నీరు ఎందుకు చేరింది?

అందరికీ నమస్కారం. నేను పాథాలజిస్టుని. రోగులకి మా ముఖం తెలియదు. వాళ్ల ఒంట్లోంచి తీసిన ముక్క మా బల్ల మీదికి వస్తుంది, మైక్రోస్కోపులో చూసి జబ్బుకి పేరు పెడతాం. ఇవాళ చెప్పబోయే జబ్బుకి ఆ పేరు పెట్టడమే సగం యుద్ధం. పెరిటోనియల్ మీసోథీలియోమా. నోరు తిరగకపోతే వదిలేయండి, పొర క్యాన్సర్ అనుకుందాం.

ఇంట్లో మేక బోటీ కడిగినవాళ్లకి ఈ పొర తెలుసు. పేగుల మీద పల్చగా, తడిగా మెరుస్తుంటుంది. మనకీ అంతే. జాకెట్టుకి లైనింగ్ వేసినట్టు పొట్ట గోడకి లోపలివైపు ఉండి, అక్కణ్ణించి మడతలు పడి కాలేయాన్నీ పేగుల్నీ కప్పుతుంది. విప్పి పరిస్తే దాదాపు మన ఒంటి చర్మమంత. అందులో ఊరే కాస్త తేమ వల్లే పేగులు ఒరుసుకోకుండా జారుతుంటాయి. క్యాన్సర్ ఆ పొర కణాల్లోనే పుడితే ఒక్క చోట గడ్డలా కట్టకుండా, చాలాసార్లు ఆవాలు చల్లినట్టు అంతటా పరుచుకుంటుంది. అందుకే మొదట్లో స్కానింగులో నీరు తప్ప ఇంకేమీ కనబడకపోవచ్చు.

నీరు చేరితే పొట్ట ముందుకొస్తుంది, చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడతాయి. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. చుట్టాలేమో “ఒళ్లు చేశావే” అంటారు.

మన దేశంలో కడుపులో నీరంటే డాక్టరుకి ముందు గుర్తొచ్చేవి లివర్ జబ్బు, టీబీ. ఆడవాళ్లకైతే అండాశయ క్యాన్సర్. తప్పు లేదు, ఎక్కువమందికి ఉండేవి అవే. తప్పు ఎక్కడంటే, ముక్క తీయకుండా ఊహ మీదే నెలల తరబడి మందులు నడపడంలో. అరవై దాటిన ఒకాయన ఆరు నెలలు టీబీ మందులు మింగాక ఆయన ముక్క నా దగ్గరికొచ్చింది. అండాశయ క్యాన్సర్‌ అనుమానంతో చూసే రక్త పరీక్ష సీఏ-125 పెరిగింది కదా అంటారు. అది టీబీలోనూ పెరుగుతుంది, ఇందులోనూ పెరుగుతుంది. తీసిన నీటిలో కణాలు చూసి తేల్చడం కూడా చాలాసార్లు కుదరదు. లాపరోస్కోపీతో పొర ముక్క తీయాలి, దానికి కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 లాంటి ప్రత్యేక రంగు పరీక్షలు చేయాలి. ఒక్క రంగుతో తీర్పు చెప్పం, నాలుగైదు కలిపి చూస్తాం.

ఆయన్ని అడిగితే, కుర్రతనంలో బాయిలర్ గొట్టాలకి రాతినార తాళ్లు చుట్టేవాడినన్నారు. ఫైల్లో ఆ మాట ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు మరి!

రాతినార అంటే ఆస్‌బెస్టాస్. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు 33 మంది కేసులు ప్రచురించారు. అవి ఊపిరితిత్తుల పొరకి వచ్చినవి, కడుపు పొర క్యాన్సర్‌కి అక్కలాంటిది ఆ జబ్బు. వాళ్లలో చాలామందిని నీలి రాతినార గనుల ప్రాంతంతో ముడిపెట్టగలిగారు. గనిలో దిగకుండా, ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లు కూడా ఉన్నారు. దుమ్ము పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకి జబ్బు బయటపడుతుంది. మన పులివెందుల ప్రాంతంలోనూ తెల్ల రాతినార తవ్వారు. 1995లో సుప్రీంకోర్టు, రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లు దాచాలంది. అలా దాచిన కాగితం చేతిలో పట్టుకుని వచ్చిన రోగిని నేనింతవరకూ చూడలేదు.

రాతినార కలిసిన సిమెంటు రేకుల ఇంట్లో ఉన్నామని మాత్రం ఇప్పుడు టెన్షన్ పడకండి. రేకుల్ని కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు భయం. ఇంకో మాట, కడుపు పొర క్యాన్సర్ వచ్చినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, రాతినార ఊసే లేనివాళ్లు చాలామంది. కొన్ని కుటుంబాల్లో బీఏపీ-1 అనే జన్యువులో లోపం ఉంటుంది.

వైద్యం సంగతి. క్యాన్సర్ కనబడిన పొరనంతా ఒలిచి తీసేసి, 42 డిగ్రీల దగ్గర కీమో మందుని గంటా గంటన్నర పొట్టలో తిప్పుతారు. హైపెక్ అంటారు, హైదరాబాదులోనూ చేస్తున్నారు. పెద్ద ఆపరేషన్, అందరికీ పనికిరాదు. కణాల రకం ఎపితీలియాయిడ్ అయితే ఆశ ఎక్కువ, సార్కొమాటాయిడ్ అయితే తక్కువ. పలు దేశాల ఆసుపత్రుల్లో ఈ పద్ధతిలో వైద్యం పొందిన 405 మంది లెక్కలు 2009లో వచ్చాయి. సగం మంది 53 నెలలు దాటి బతికారు.

మరి మిగతా సగం? ఆ ప్రశ్న జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కీ వచ్చింది. 1982లో, నలభై ఏళ్ల వయసులో ఆయనకి ఈ జబ్బే అన్నారు డాక్టర్లు. పుస్తకాలు తిరగేస్తే సగం మంది ఎనిమిది నెలల్లోపే పోతారని ఉంది. లెక్కలు తెలిసిన మనిషి కాబట్టి రెండో సగం వైపు చూశాడు, ఆ తోక చాలా పొడుగు, అంటే వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి బతుకుతారు. ఇరవై ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు. అందరూ గౌల్డ్‌లు కారు, ఆ మాటా దాచను.

చివరిగా నా వృత్తి సంగతొకటి. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే మళ్లీ పరీక్ష చేయలేం. మీ ముక్కని మైనంలో పోసి ఉంచిన చిన్న దిమ్మలుంటాయి, బ్లాకులంటాం. స్లైడ్లతో పాటు అవీ అడిగి తీసుకోండి. ఎండలో, కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.

ఇక అడగండి.