అతుకు వేసినా నీళ్లు కారుతున్న పాత ఫైబర్ బోటు: అసలు పని ఎక్కడుంది?

[దృశ్యం: రంభ ఒడ్డు. దిమ్మల మీద ఎక్కించిన పాత ఫైబర్ బోటు. కెమెరా అడుగు భాగం వెంబడి నెమ్మదిగా సాగుతుంది.]

నమస్తే. చిలికా సరస్సు దక్షిణపు కొసన, ఒడిశా గంజాం జిల్లా రంభలో ఉన్నాం. టూరిస్టులను బ్రేక్‌ఫాస్ట్ ఐలండ్ చుట్టూ తిప్పే పాత బోటు ఇది. ప్రతి ట్రిప్పుకీ అడుగున నీళ్లు తోడాల్సి వస్తోందని ఓనరు బాబాయ్ లోపలి నుంచి ఎం-సీల్ పట్టించాడు. "ఎంత మెత్తినా ఊరతానే ఉంటాది" అంటున్నాడు.

[క్లోజప్: బోటు లోపల బూడిద రంగు ఎం-సీల్ ముద్దలు.]

ఊరక ఏం చేస్తుంది? నీళ్లు బయటి నుంచి వస్తుంటే మందు లోపల రాశాడు. పైగా తడి కనిపించే చోటే పగులు ఉంటుందని గ్యారంటీ లేదు. బయట ఒకచోట దూరిన నీరు ఫైబర్ పొరల మధ్య, అడ్డపట్టీల కింద పాకి, ఇంకెక్కడో పైకి తేలుతుంది.

అందుకే ముందు చోటు పట్టుకోవాలి. బోటు అడుగంతా ఆరబెట్టి, బయట సుద్దపొడి రుద్దండి. లోపల జానెడు లోతు మించకుండా నీళ్లు పోసి కాసేపు ఆగండి. నీరు చెమ్మగిల్లిన చోట సుద్ద నల్లబడుతుంది. నిండా మాత్రం పోయకండి. ఒక ఘనమీటరు నీళ్లంటే వెయ్యి కిలోలు. సరస్సులో ఉన్నప్పుడు బయటి నీరు అడుగుకి ఆసరా ఇస్తుంది, దిమ్మల మీద ఆ ఆసరా ఉండదు.

[క్లోజప్: రూపాయి బిళ్లతో అడుగు మీద కొడుతున్న చెయ్యి. సౌండ్ స్పష్టంగా వినిపించాలి.]

వినండి. టక్, టక్... ఇక్కడ గట్టిగా ఉంది. ఇప్పుడు పగులు పక్కన... డబ్, డబ్. లోపల పొరలు విడిపోయాయి. మోగని చోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. పైకి జానెడు కూడా లేని పగులుకి గీత పళ్లెమంత వచ్చింది చూడండి. మనం బాగుచేయాల్సింది పగులుని కాదు, ఆ గీత లోపలిదంతా.

ఇంజన్ బిగించే వెనక పలకని కూడా ఇలాగే కొట్టి చూడండి. చాలా బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రంలో చిన్న డ్రిల్ పెడితే నల్లగా, తడిగా పొట్టు వస్తోందంటే చెక్క కుళ్లింది. దానికి అతుకు పనికిరాదు, పలక కోసి కొత్త చెక్క వేయాల్సిందే. అది వేరే వీడియో.

ఇక ఆరబెట్టడం. చిలికావి ఉప్పునీళ్లు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ముందు మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. తర్వాత నీడ పట్టున గాలికి వదిలేయండి. ఆరిందో లేదో తెలియాలంటే ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఎండలో ఉంచండి. లోపల చెమట పడితే ఇంకా ఆరలేదు. బుకింగ్‌లు పోతాయన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది, కానీ తడి ఫైబర్ మీద వేసిన రెసిన్, అంటే పొరల్ని పట్టి ఉంచే జిగురు, ఊడి వస్తుంది. టూరిస్టులు తగ్గాక, వానలు పడకముందు ఈ పని పెట్టుకోండి.

[దృశ్యం: మాస్క్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా. గ్రైండర్ మొదలవుతుంది.]

గ్రైండర్ కంటే ముందు అసిటోన్ అనే ద్రావకంతో తుడవాలి. లేకపోతే నూనె, మైనం గ్రైండర్ గీతల్లోకి దిగిపోతాయి. తర్వాత పెన్సిల్ గీత లోపల విడిపోయిన పొరలు తీసేసి, అంచుల్ని ఏటవాలుగా అరగదీయాలి. లెక్క 12కి 1. అడుగు మందం 5 మిల్లీమీటర్లయితే చుట్టూ 6 సెంటీమీటర్ల వాలు ఉండాలి. అరుగుతుంటే పొరలు ఒక్కొక్కటిగా, చెట్టు మొద్దు కోసినప్పటి వలయాల్లా కనిపిస్తాయి. అలా కనిపించాయంటే వాలు సరిగ్గా వచ్చినట్టే. తెల్లగా పొడిబారిన పోగు ఎక్కడున్నా తీసేయండి.

[స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు: కోబాల్ట్, క్యాటలిస్ట్ నేరుగా కలపకూడదు.]

ఇది జాగ్రత్తగా వినండి. పాలియెస్టర్ రెసిన్ కొంటే, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్, ఆ పని వేగం పెంచే కోబాల్ట్ చాలా షాపుల్లో విడివిడి సీసాల్లో ఇస్తారు. ఈ రెండూ నేరుగా కలిస్తే పేలిపోవచ్చు. ముందు కోబాల్ట్ రెసిన్‌లో బాగా కలపండి. క్యాటలిస్ట్ మాత్రం సరిగ్గా పని మొదలుపెట్టబోయేటప్పుడే కలపండి. కోబాల్ట్ ముందే కలిపి ఉందేమో షాపులో అడగండి. కిలో రెసిన్‌కి క్యాటలిస్ట్ 10 నుంచి 20 గ్రాములు. మన ఎండల్లో 10 దగ్గరే ఆగండి, పొద్దున్నే పని మొదలుపెట్టండి. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కనీసం పావుగంట నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక అరగదీసిన చోట ఫైబర్‌గ్లాస్ మ్యాట్ పొరలు వేయాలి. చదరపు మీటరుకి 450 గ్రాములుండే మ్యాట్ ఒక పొర దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. మ్యాట్ బరువుకి రెండు, రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది. ఒక్కో పొర మీద రోలర్ తిప్పి గాలి బుడగలు తీసేయండి. తెల్ల మచ్చ మిగిలితే అక్కడ రెసిన్ తాగలేదని అర్థం. మూడు పొరలయ్యాక వేడి తగ్గనివ్వండి.

పై ఫిట్టింగులు బిగించేటప్పుడు సిలికాన్ వాడొద్దు, అది పూసిన చోట తర్వాత ఇంకేదీ అంటుకోదు. పాలీయురెథేన్ సీలెంట్ తీసుకోండి. అతుకు వారం రోజులు గట్టిపడ్డాక, జెల్‌కోట్ (పైన వేసే రెసిన్ పూత) వేసి, లోతు తక్కువ చోట బోటు దించండి. అడుగు పలకలు తీసేసి ఒక రాత్రి కట్టేసి ఉంచి, పొద్దున్నే టార్చి వేసి చూసుకోండి. పొడిగా ఉంటేనే టూరిస్టులను ఎక్కించండి.