పామాయిల్ గెల రేటు ఢిల్లీలో తేలుతోంది

ప్రిన్సిపాల్ గారికి, కామర్స్ డిపార్ట్‌మెంట్ మేష్టార్లకి, ఈ ఉక్కలో ఓపిగ్గా కూర్చున్న పిల్లలందరికీ నమస్కారమండి. స్టేజి మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా తల్చుకోవాలి గానీ నాకున్నది అరగంటే.

నాకిచ్చిన టాపిక్ ఎగుమతులు, దిగుమతులు, బ్యాలెన్స్ ఆఫ్ ట్రేడ్, అంటే ఆ రెంటి విలువకీ మధ్య తేడా. రిటైరయ్యేదాకా చెప్పిన పాఠమే, నోట్సు కూడా తెచ్చాను. కానీ పొద్దున్నే తోటలో కోత చూసుకుని నేరుగా ఇటొచ్చాను, గెల ముళ్ళు గీరుకున్న చెయ్యి ఇంకా మండుతోంది, ఆ నోట్సు తీయబుద్ధి కావట్లేదు. మీలో ఎంతమందికి పామాయిల్ తోటలున్నాయి? చేతులెత్తండి. చూశారా, సగం మంది పైనే.

మీరు కాకినాడ ఎప్పుడైనా వెళ్తే రేవు దగ్గర ఒక గంట నిలబడండి. బియ్యం బస్తాలు బార్జీల మీద లోతు నీళ్ళలో ఆగిన ఓడ దాకా వెళ్తాయి, అక్కణ్ణించి బెనిన్, సెనెగల్ లాంటి ఆఫ్రికా దేశాలకి. అదే కాకినాడలో ఇండోనేషియా, మలేషియా నుంచి వచ్చిన క్రూడ్ పామాయిల్, అంటే శుద్ధి చేయని నూనె, దిగి రిఫైనరీలకి పోతుంది. పోయే గేటు, వచ్చే గేటు రెండూ ఒక్క ఊళ్ళోనే. ఆ రెండు తాళంచెవులూ ఎవరి దగ్గరున్నాయో, ఎప్పుడు తిప్పుతున్నారో చూడమనే నేను చెప్పేది.

2023 జులై 20న ఢిల్లీలో కేంద్రం వాళ్ళు బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం. బియ్యం రేటు పెరుగుతోంది కాబట్టి పోయే గేటు మూశారు. సరే, ఇప్పుడు వచ్చే గేటు చూడండి. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది, ఆ వేసవిలో మన గెల టన్ను 20 వేలు దాటింది, నా జీవితంలో అంత రేటు చూళ్ళేదు. అప్పటికే క్రూడ్ పామాయిల్ మీద దిగుమతి సుంకం మొత్తం 5.5 శాతానికి దించేసి ఉన్నారు. నూనె మండిపోతున్నప్పుడు దించడం తప్పని నేననను. కానీ ఏడాది తిరక్కుండా ప్రపంచ రేటు పడిపోయి మన గెల 13 వేల చుట్టుపక్కలకి వచ్చింది కదా, మరి అప్పుడు సుంకం ఎందుకు పెంచలేదు? 2024 సెప్టెంబర్ 14 దాకా ఆగారండీ, రెండేళ్ళ పైన! అప్పుడు 27.5 చేశారు. 2025 మే ఆఖరికి మళ్ళీ 16.5కి దించేశారు. ఆ 27.5 నిలిచింది ఎనిమిదిన్నర నెలలే. మొక్క నాటితే మొదటి గెల చూడ్డానికే మూడు నాలుగేళ్ళు, ఆ చెట్టు పాతికేళ్ళ పైన ఉంటుంది.

మధ్యలో మా బావగారి సంగతి చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2019లో గెల రేటు బాగా దిగజారి కోత కూలి, ట్రాక్టర్ కిరాయి పోను ఏమీ మిగల్లేదు. పొక్లెయిన్ పిలిపించి పన్నెండేళ్ళ చెట్లు, నాలుగెకరాలు, అన్నీ పడగొట్టించారు. మా అక్క గట్టు మీద నిలబడి ఒక్కో చెట్టు కూలుతుంటే చూస్తూనే ఉంది గానీ ఒక్క మాట అన్లేదు. పడిన దుంగలు అక్కడే కుళ్ళి కొమ్ము పురుగు పుట్టి నా తోట మొవ్వులు తినేసింది. మూడేళ్ళు తిరిగేసరికి రేటు 20 వేలు, ఆయన చేలో మొక్కజొన్న. ఇప్పటికీ కాటా దగ్గర నేనుంటే ఆయన అటు రారు.

ఢిల్లీలో సుంకం మారితే మన గెల రేటు ఎందుకు మారుద్దో లెక్క చూద్దాం. ఓడలో నూనె కిలో 90 రూపాయలకి దిగిందనుకోండి. 27.5 శాతం సుంకంతో 115 దాకా అవుద్ది, 16.5తో 105. మన మిల్లు నూనె కూడా దానికి మించి అమ్ముడుపోదు. కిలోకి పది రూపాయలు పోయింది. టన్ను గెలల్లో వచ్చే నూనె 180, 190 కిలోలు. అంటే టన్ను గెల మీద 1,800 రూపాయల విలువ ఒక్క సంతకంతో ఆవిరి. ఆపుకుని తర్వాత అమ్ముకుందామంటే కోసిన గెల ఒకటి రెండు రోజుల్లో మిల్లుకి చేరకపోతే నూనెలో పులుపు పెరిగిపోతుంది.

మరి తినేవాళ్ళ సంగతి? మా వీధి చివర పునుగుల బండావిడ 2024 దసరాకి ముందు నన్నే నిలదీసింది, "మీ రైతుల కోసం నా ప్యాకెట్ రేటు పెంచారంట కదండీ" అని. ఆవిడ బాధ నిజం. దేశం తినే నూనెలో సగం పైన బయటిదే, ఏటా 150 లక్షల టన్నుల పైన తెచ్చుకుంటున్నాం, ఒక్కసారిగా గేటు వేయలేం. నేనడిగేది గేటు వేయమని కాదు. ప్రపంచ రేటు ఇంతకి పడితే సుంకం ఇంత పెరుగుద్ది, ఇంతకి పెరిగితే ఇంత తగ్గుద్ది అని ముందే రాసిపెట్టండి, ఆవిడకీ తెలుస్తుంది, మా బావగారికీ తెలుస్తుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర పామాయిల్ మీద మనం 300 శాతం దాకా సుంకం వేసుకునే హద్దు ఉంది, కాబట్టి రూలు ఒప్పుకోదనే సాకు కుదరదు.

బ్యాలెన్స్ ఆఫ్ ట్రేడ్ మీ మేష్టారు చెప్తారు, ఆయన నాకంటే బాగా చెప్తారు. మీరు నాకొక పని చేసిపెట్టండి. ఇంటికెళ్ళి మీ నాన్నగారి దగ్గర గెలలు తూచి కొనే కలెక్షన్ సెంటర్ స్లిప్పులు అడగండి, 2018 నుంచి ఉంటే మరీ మంచిది, చెదలు తిన్నవైనా సరే. సుంకం మారిన తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి. వచ్చే శనివారం ఇదే హాల్లో రెండూ పక్కపక్కన పెట్టి చార్ట్ గీద్దాం. స్లిప్పులు లేవంటే మా అక్క దగ్గర ఉన్నాయి, తోట పోయినా అవి మాత్రం బీరువాలో దాచింది.