అశ్విని కార్తె వెళ్లిపోయే వేళ గాలివాన

శ్రోతలకు నమస్కారం.

మహేంద్రగిరి కనబడకుండా పోయిందంటే వాకిట్లో ఆరబోసినవన్నీ ఎత్తేయాలని శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1,500 మీటర్ల ఎత్తున్న కొండ అది. కవిటి పక్కనున్న మా ఊరి నుంచి చూస్తే పడమటి దిక్కున నీలంగా నిలబడి ఉంటుంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకరోజు, మధ్యాహ్నం మూడు దాటాక చూస్తే, కొండ ఉండాల్సిన చోట మాడిన పెనం అడుగులాంటి మబ్బు ఉంది.

జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఏటా నాలుగు రోజులు అమ్మ దగ్గరికి వెళతాను. ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుంచే వచ్చిందని పెద్దలంటారు. మా ఇంటి చుట్టూ తిరిగితే ఆ మాట నిజమేననిపిస్తుంది. ముందు వాకిలి, మధ్యలో పెంకుటిల్లు, వెనక ఎకరం పెరడు. కొబ్బరి, జీడి, పనస, రెండు మామిడి చెట్లు, బావి గట్టున అరటి, దొడ్డి గుమ్మం పక్కన మునగ, మల్లె పందిరి.

ఆ రోజు పొద్దుటి నుంచి ఆకు కదలలేదు. ఊపిరి ఆడనివ్వని ఉక్క. వసారాలో కూర్చున్న అమ్మ విసనకర్ర ఆపి, “బాబూ, మబ్బు ఎటు నుంచి వస్తోంది?” అని అడిగింది.

తిత్లీ తుపానుకు ముందు ఆమె ఈ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచిన గాలికి మా పెరట్లో పద్దెనిమిది కొబ్బరి చెట్లలో మూడే మిగిలాయి. తాతయ్య కావిడితో నీళ్లు మోసి పెంచిన పనస వేళ్లతో సహా లేచి బావి మీద పడింది. తెల్లవారాక పెరట్లోకి వచ్చిన అమ్మకు పక్క ఊరు కనబడిందట. అన్నేళ్లలో మా పెరట్లో నిలబడి ఎవరూ పక్క ఊరిని చూడలేదు. అంత దట్టంగా ఉండేవి తోటలు. అందుకే మబ్బు లేచినప్పుడల్లా ఆమె ముందు దిక్కు అడుగుతుంది. తూర్పు అంటే సముద్రం. పడమర అంటే కొండ.

“కొండ వైపు నుంచేనమ్మా” అన్నాను. ఆమె ముఖం తేటపడింది. “అయితే గంటలో పోతుంది. ముందు పిక్కలు ఎత్తు” అని లేచింది.

ఆమె లెక్క సరైనదే. తుపాను రోజుల ముందే పేరు పెట్టుకుని, వార్తల్లో చెప్పుకుని వస్తుంది. చైత్ర వైశాఖాల గాలివాన మధ్యాహ్నం పుట్టి సాయంత్రానికి పోతుంది. ఈ నెలల్లో నేల పెనంలా కాగుతుంది. బంగాళాఖాతం మీది తేమగాలి కింద నుంచి వస్తుంటే, పైన పడమటి పొడిగాలి వీస్తుంటుంది. వేడెక్కిన తేమగాలి తూర్పు కనుమల అంచున నిలువుగా లేచి, పన్నెండు కిలోమీటర్లకు మించిన ఎత్తుకు మేఘమై పెరుగుతుంది. అక్కడ నీటిబొట్లు మంచు గడ్డలవుతాయి. పైన చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. వాన కంటే ముందు వచ్చి మన ముఖానికి తగిలే ఆ చల్లటి గాలి అదే. బెంగాల్లో కాలబైశాఖి అని పిలిచే గాలివానలది కూడా ఇదే వంశం.

ఆ చల్లగాలి తగిలేసరికి మేం వాకిట్లోనే ఉన్నాం. పిక్కలను చేటలతో గోనెల్లోకి ఎత్తుతున్నాం. బాగా ఎండిన జీడిపిక్కలు గుప్పెట్లో ఆడిస్తే గలగలమంటాయి. తడిస్తే బూజు పట్టి లోపలి పప్పు రంగు మారుతుంది, ధర పడిపోతుంది. నెల రోజుల పాటు నడుం వంచి ఏరినది పది నిమిషాల్లో పాడైపోతుందంటే చేతులు వాటంతటవే పరుగెడతాయి. ఆఖరి చేట ఎత్తుతుండగా మొదటి చినుకు నా మెడ మీద పడింది. రూపాయి బిళ్లంత చినుకు, మంచులా చల్లగా ఉంది.

ఆ వెంటనే మునగ కొమ్మ ఫెళ్లున విరిగింది. మునగ ఎప్పుడూ అంతే, మొదటి విసురుకే లొంగిపోతుంది. కొబ్బరి అలా కాదు. కమ్మలన్నీ ఒక పక్కకు దువ్వినట్టు వాల్చి, మాను విల్లులా వంచి, గాలి తగ్గగానే మళ్లీ నిటారుగా నిలబడుతుంది. చూస్తుండగానే పెంకుల మీద టకటకమని మొదలైంది. వడగళ్లు. కుంకుడు గింజలంత ఉన్నాయి. వాకిట్లో పడి ఎగిరి వసారాలోకి వచ్చాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. పైన అద్దంలా ఉంది, మధ్యలో పాలపొరలా తెల్లటి చుక్క. చూస్తుండగానే వేళ్ల మధ్య నుంచి కారిపోయింది.

మామిడికాయలు రాలుతున్న చప్పుడు వినగానే మా పిన్ని మనవడు మెట్లు దిగి పరుగెత్తబోయాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు. అమ్మ చెయ్యి పట్టి ఆపేసింది. ఇక్కడ శ్రోతలను నేను బతిమాలుకుంటున్నాను. మన ప్రాంతంలో పిక్కలు ఏరే కాలం, మామిడికాయలు కోసే కాలం, పిడుగుల కాలం ఒకటే. తోటలో ఉన్నవారు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు, వాన రాగానే చెట్టు కిందికే చేరతారు. పిడుగుకు ఎత్తయిన చెట్టే దారి. దయచేసి చెట్టు కింద నిలబడకండి.

మనకు ఒక లెక్క తాతల నాటి నుంచీ ఉంది. ఉరిమితే మా నాయనమ్మ “అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్స, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ” అనిపించేది. భయం పోవడానికి చెప్పే పది పేర్లు. ఆ రోజు అమ్మ ఆ పిల్లాడి చేత అవే అనిపిస్తుంటే నేను గడియారం చూశాను. నిదానంగా చెబితే ఎనిమిది సెకన్లు పట్టాయి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. అంటే మెరుపు మెరిసిన క్షణాన మొదలుపెట్టి, ధనంజయ దాకా రాకముందే ఉరిమిందంటే పిడుగు మూడు కిలోమీటర్ల లోపే పడిందన్నమాట. పదిపేర్లు మూడుసార్లు చెప్పేలోగా ఉరిమినా ప్రమాదపు హద్దులోనే ఉన్నట్టు. పక్కా ఇంట్లోకి వెళ్లాలి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి గాని బయటికి రాకూడదు. ఫోనులో దామిని యాప్ ఉంటే దగ్గర్లో పడే పిడుగుల సంగతి ముందే తెలుస్తుంది. ఆ రోజు మా వాడు రెండోసారి “కిరీటి” దగ్గరే ఆగిపోయాడు. ఇంటి గోడలు అదిరాయి. పిల్లాడు అమ్మ చీర కొంగులో ముఖం దాచుకున్నాడు. నేనూ ఆమెకు దగ్గరగా జరిగాను.

నలభై నిమిషాల్లో వాన తెరిపిచ్చింది. చూరు నుంచి ధారలు సన్నబడి చుక్కలయ్యాయి. తడిసిన నేల వాసన లేచింది. ఎండిన నేల మీద తొలి చినుకులు పడినప్పుడు వచ్చే ఆ పరిమళాన్ని 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పరిశోధించి దానికి ఒక పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థానికీ అందులో వాటా ఉంది. మాకు మాత్రం అది మట్టివాసనే, ఆ మాటలోనే అంతా ఉంది.

“ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఎంత బాగుండేది” అంది అమ్మ. మరో రెండు రోజుల్లో భరణి కార్తె. “అశ్విని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును” అని సామెత. అశ్వినిలో పంట ఇంకా చెట్టు మీదో కళ్లంలోనో ఉంటుంది. భరణికి పొలాలు ఖాళీ అయి దుక్కికి ఎదురుచూస్తుంటాయి. వరి పండించేవారు కట్టిన సామెత అని నాకు తోస్తుంది. కొబ్బరి తోటలున్న మా ఇసుక నేలల్లో వాన ఏ కార్తెలో పడినా చెట్టు వద్దనదు. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే 40 వేల లీటర్ల నీళ్లు. బావిలో నీళ్లు అడుగంటిన ఏప్రిల్‌లో మోటారు పెట్టినా అన్ని నీళ్లు మా పెరటికి అందవు. కానీ జీడిపూత రాలింది, మామిడి రాలింది, అదీ నిజమే. మామిడి చెట్ల కింద రెండు గంపల కాయలు పడ్డాయి. దెబ్బతిన్న కాయ ఆవకాయకు పనికిరాదు, నిలవ ఉండదు. అవి పప్పులోకి, ఒరుగులకు. మేడ మీద ఆరబెట్టుకోమని పిన్నికి ఒక గంప ఇచ్చేసింది అమ్మ.

కరెంటు లేదు. చీకటి పడ్డాక అమ్మ టార్చిలైటు తీసుకుని పెరట్లోకి బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. పాదాల కింద తడి ఇసుక. ఆమె నేరుగా బావి దగ్గరి కొబ్బరి చెట్టు దగ్గరికి వెళ్లింది. తిత్లీ తరువాతి సంవత్సరం పెట్టినది. నాటు రకం, ఆరేడేళ్లకు గాని కాపుకు రాదు. మాను ఇంకా నా ఎత్తు కూడా లేదు, ఇప్పుడే మొదటి గెల వేసింది. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. అది విరిగినా, నీరు నిలిచి కుళ్లినా చెట్టు ఇక లేనట్టే.

టార్చి నా చేతికిచ్చి, “సరిగ్గా పట్టు బాబూ” అని అరటి గట్టు ఎక్కింది. కమ్మలను రెండు చేతులా విడదీసి, మడత విప్పని లేతాకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూసింది. ఊడి రాలేదు. రెండు పిందెలు రాలి ఉంటే ఏరి కొంగులో వేసుకుంది. మిగిలినవాటిని వెలుగులో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. పదకొండు.