శుభలేఖ వెనకాల పేరు

వేదిక మీద పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న అంతకన్నా పెద్దలకూ నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ, నాకిచ్చిన పది నిమిషాలూ దానికే చెల్లిపోతాయి. నాకిచ్చిన అంశం ‘చిన్న వ్యాపారం, మార్కెటింగ్ మెళకువలు’. ఆ మెళకువలే తెలిసుంటే ఈ రోజుల్లో కాలితో తొక్కే పాత అచ్చు మిషను, ట్రెడిల్ పెట్టుకుని గవర్నరుపేట సందులో కూర్చుంటానా చెప్పండి?

అయినా నడుస్తోంది. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, కవితల చిన్న పుస్తకాలు. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, చేతిలో పట్టుకునే స్టిక్కులో పేర్చాలి. ఇంగ్లీషుకైతే రెండు కేసులతో, అంటే అక్షరాలుంచే గళ్ళ పెట్టెలతో, సరిపోతుంది. మనకు గుణింతాలు, ఒత్తులు కూడా కావాలి కదా, కంపోజిటరు చుట్టూ కేసులే. పెళ్ళిళ్ళ సీజన్లో ‘శ్రీ’లు చాలేవి కావు. ఒక పార్టీది అచ్చయి, ఫారం, అంటే బిగించిన అక్షరాల చట్రం, విప్పితేగానీ ఇంకొకరికి ‘శ్రీ’ దొరికేది కాదు. అక్షరాలు పేర్చనక్కర్లేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక ఆ అక్షరాలే కిలోల లెక్కన పాతసామాన్లకు పోయాయి. సరే, ఆ ఏడుపు ఇప్పుడొద్దు.

ఒక శుభలేఖకు మామిడిపిందెల అంచు కావాల్సొచ్చి పెడన వెళ్ళాను. బందరు పక్కనే, కలంకారీ అచ్చులు చెక్కే ఊరు. అక్కడ బట్టకు వాడే టేకు అచ్చు మందంగా ఉంటుంది, నా మిషన్లోకి రాదు. అక్షరం ఎత్తు 0.918 అంగుళం. అచ్చు కూడా కచ్చితంగా అంతే ఉండాలి. వెంట్రుకంత ఎక్కువైతే కాయితం చిరుగుతుంది, తక్కువైతే ఇంకు అంటదు. ఈ లెక్కంతా చెప్పబోతే చెక్కేటాయన చెయ్యి అడ్డం పెట్టి, ‘‘అంకెలెందుకండీ, ఒక అక్షరం ఇచ్చి వెళ్ళండి’’ అన్నారు. జేబులో ‘మ’ ఉంటే ఇచ్చాను.

మళ్ళీ వెళ్ళేసరికి అచ్చు పక్కన నా ‘మ’ను నిలబెట్టి ఉంచారు. ‘‘గోరుతో గీసి చూడండి, ఎక్కడన్నా తగులుతుందా’’ అన్నారు. తగల్లేదు. పైగా, ‘‘బట్ట మీదైతే రంగు పాకుతుంది. మీది కాయితం కదా, గీత సన్నం చేశాను’’ అన్నారు. ఆ సంగతి నేను చెప్పలేదండీ. నాకు తట్టలేదు కూడా. కాయితం మీద ఎప్పుడూ పనిచెయ్యని మనిషి నా పని నాకంటే ముందు ఆలోచించాడు!

కార్డు వెనక ప్రెస్సు పేరు కింద ఆయన పేరు కంపోజ్ చేశాను. పెళ్ళికూతురి తండ్రి ప్రూఫ్ చూసి, ‘‘ఎవరిదో పేరు మా పిల్ల శుభలేఖ మీదెందుకండీ, తీసెయ్యండి’’ అన్నారు. మరి నా పేరుందిగా అంటే, ‘‘ప్రెస్సు పేరంటే మామూలే’’ అన్నారు.

ఎందుకు మామూలైందో తెలుసా? 1867లో ఇంగ్లీషువాళ్ళు చట్టం చేశారు, ప్రతి పుస్తకం మీదా అచ్చువేసినవాడి పేరూ ఊరూ ఉండాలని. మన మీద ప్రేమతో కాదు, అవసరమైతే పట్టుకోడానికి! అలా నా పేరు అలవాటైపోయింది. బొమ్మ చెక్కినవాణ్ణి పట్టుకునే పని దొరలకు పడలేదు, అందుకని ఆయన పేరు ఎవరికీ అలవాటు కాలేదు. చివరకు ఆయన పేరు 8 పాయింటు చిన్న అక్షరాల్లో, కింద మూలకు వేశాను. పెళ్ళికూతురి తండ్రి కళ్ళజోడు మర్చిపోయి వచ్చారు, ప్రూఫ్ మీద సంతకం పెట్టేశారు.

నవ్వుతున్నారు గానీ, ఇక్కడ స్టాల్స్ పెట్టినవాళ్ళను అడుగుతున్నాను. పొణికి చెక్కతో కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళున్నారు, అంకుడు కర్రకు లక్క పూసే ఏటికొప్పాక వాళ్ళున్నారు. పొద్దున్న ఒక్కో స్టాల్ దగ్గరా కదల్లేక నిలబడిపోయాను. ఏ బొమ్మ మీదైనా ఎవరు చేశారో ఉందా? ధర చీటీ మాత్రం ఉంది. ‘అద్భుతం’ అని మనం ఒకరినొకరం మెచ్చుకుంటూనే ఉంటాం. పేరు అడిగి రాసుకున్నవాళ్ళెందరు?

టైమయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ట్రెడిల్‌ను ఇక్కడికే తెచ్చాను, గేటు పక్కన ఉంది. మీ సరుకు ఎవరి చేతి మీదుగా తయారైందో, రంగు వేసినవాళ్ళు, కర్ర కోసినవాళ్ళు, అందరి పేర్లూ రాసి తీసుకురండి. చిన్న చీటీలు అచ్చువేసి ఇస్తాను. కాయితం ఖర్చు మీది, కూలి నాకొద్దు. ఇంటిపేరుతో సహా, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసి రాయండి. పిల్లల్ని మాత్రం మిషను దగ్గరకు రానివ్వకండి, వేళ్ళు నలుగుతాయి.