సబ్సిడీ చేతికి రాదు, లోన్‌లో తగ్గుతుంది: పల్లెలో యూనిట్ పెట్టేవారికి పీఎంఈజీపీ, పీఎంఎఫ్‌ఎంఈ లెక్కలు

నమస్కారం అండీ. ఊళ్లో చిన్న యూనిట్ ఏదైనా పెట్టాలనుకుంటున్నవాళ్లు, ఇంటి దగ్గరే పచ్చళ్లో పొడులో చేసి అమ్ముతూ దాన్ని పెంచుకోవాలనుకుంటున్నవాళ్లు, డ్వాక్రా సంఘాల్లో ఉన్న అక్కలు, ఈ వీడియో మీకోసమే చేశాను. కేంద్ర ప్రభుత్వ పథకాలు రెండింటి గురించి మాట్లాడుకుందాం. ఒకటి పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. 2008 నుంచి నడుస్తోంది, ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ (ఖాదీ కమిషన్) చూస్తుంది. రెండోది పీఎంఎఫ్‌ఎంఈ, అంటే ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం. 2020లో మొదలైంది, ఆహార పదార్థాలు తయారుచేసే చిన్న యూనిట్ల కోసం.

ముందుగా ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. 35 శాతం సబ్సిడీ అని వినగానే ఆ డబ్బు ముందుగా మన ఖాతాలో పడుతుందని, దాంతో మిషన్లు కొనుక్కోవచ్చని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ముందు బ్యాంకు లోన్ ఇవ్వాలి. లోన్ విడుదలయ్యాక సబ్సిడీ మీ బ్యాంకుకు వస్తుంది. అక్కడ మీ పేరు మీద విడిగా మూడేళ్లు ఉంటుంది. ఈ మూడేళ్లూ మీరు వాయిదాలు సరిగ్గా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటే, అప్పుడు ఆ మొత్తాన్ని మీ లోన్‌లోంచి తగ్గిస్తారు. పీఎంఈజీపీలో అలా పక్కన పెట్టిన డబ్బు మీద మీకు వడ్డీ రాదు, అంత మేరకు లోన్ మీద బ్యాంకు కూడా వడ్డీ తీసుకోదు. అంటే సబ్సిడీ వల్ల మీ భారం తగ్గే మాట నిజం. కానీ అది మీ చేతిలో ఆడే డబ్బు కాదు. ఈ తేడా తెలియక లెక్క వేసుకున్నవాళ్లు మొదటి ఏడాదిలోనే సరుకు కొనడానికి డబ్బులేక ఇబ్బంది పడతారు.

ఇప్పుడు స్క్రీన్ మీద లెక్క చూడండి. ఊళ్లో నూనె గానుగ పెడుతున్నారు, సబ్సిడీ లెక్కలోకి వచ్చే ఖర్చు మొత్తం 10 లక్షలు అనుకుందాం.

పీఎంఈజీపీలో, పల్లెలో పెట్టే మహిళకు సబ్సిడీ 35 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, దివ్యాంగులు, మాజీ సైనికులకు కూడా అంతే. వీళ్లు సొంతంగా పెట్టాల్సింది 5 శాతమే, అంటే 50 వేలు. బ్యాంకు తొమ్మిదిన్నర లక్షలు మంజూరు చేస్తుంది. అందులో మూడున్నర లక్షలు సబ్సిడీగా సర్దుబాటైతే, చివరికి తీర్చాల్సిన అసలు 6 లక్షలు. జనరల్ కేటగిరీ పురుషులకైతే పల్లెలో సబ్సిడీ 25 శాతం, సొంత వాటా 10 శాతం. లక్ష మీరు పెడతారు, రెండున్నర లక్షలు సబ్సిడీ, మిగిలే అసలు ఆరున్నర లక్షలు.

అదే గానుగ పీఎంఎఫ్‌ఎంఈలో పెడితే, కేటగిరీతో పనిలేదు, అందరికీ 35 శాతమే. సొంత వాటా కనీసం 10 శాతం. లక్ష మీది, మూడున్నర లక్షలు సబ్సిడీ, ఐదున్నర లక్షలు అసలు. ఇక్కడ సబ్సిడీకి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. అంటే ఖర్చు ఇరవై ఎనిమిదిన్నర లక్షలు దాటాక ఎంత పెంచినా సబ్సిడీ పెరగదు, పెరిగేది అప్పే.

మరి ఏది ఎంచుకోవాలి? నా అభిప్రాయం చెప్తాను. తినే వస్తువు తయారీ అయితే, మీరు జనరల్ కేటగిరీ పురుషులైతే, పీఎంఎఫ్‌ఎంఈ మేలు. చేతిలో సొంత డబ్బు తక్కువగా ఉన్న మహిళలకు పీఎంఈజీపీలోని 5 శాతం వాటా చాలా పెద్ద ఊరట. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌ను పెంచుకోవాలంటే పీఎంఎఫ్‌ఎంఈకే వెళ్లాలి, ఎందుకంటే పీఎంఈజీపీ మొదటి లోన్ కొత్త యూనిట్లకే. వెల్డింగ్, టైలరింగ్, సిమెంటు ఇటుకలు, మోటారు రిపేరు లాంటివైతే పీఎంఈజీపీ. తయారీకి 50 లక్షల వరకు, సర్వీసుకు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. ఏ పథకమైనా కుటుంబంలో ఒక్కరికే. స్థలం కొన్న ఖర్చు రెండింట్లోనూ కలపరు. షెడ్డు అద్దెకు తీసుకుంటే ఆ అద్దెను మాత్రం మూడేళ్ల వరకు ప్రాజెక్టులో చూపించవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ప్రాజెక్టు రిపోర్టు. అంటే మీ యూనిట్ ఖర్చు, ఆదాయం, వాయిదాల లెక్కలన్నీ రాసి బ్యాంకుకు ఇచ్చే కాగితం. మీ దరఖాస్తు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. జిరాక్స్ షాపులో వెయ్యికో రెండు వేలకో రెడీమేడ్ రిపోర్టు దొరుకుతుంది, పేరు మార్చి ఇస్తారు. దయచేసి అది తీసుకెళ్లకండి. మేనేజరు గారు ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అది మీది కాదని తెలిసిపోతుంది.

గానుగ లెక్కే తీసుకుందాం. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె ఉంటుంది, కానీ గానుగ అంతా తీయదు. కాబట్టి దగ్గర్లో నడుస్తున్న గానుగకు వెళ్లి, డబ్బులిచ్చి మీ గింజలే ఆడించండి. ఎన్ని కిలోలు వేస్తే ఎంత నూనె దిగింది, పిప్పిగా ఎంత చెక్క మిగిలింది, ఎంతసేపు పట్టింది, అన్నీ రాసుకోండి. ఆ కాగితమే మీ రిపోర్టుకు పునాది. చెక్కను పశువుల దాణాకు ఎంతకు కొంటారో పాలకేంద్రం దగ్గర రైతుల్ని అడగండి. ఆ ఆదాయం చాలామంది లెక్కలో వదిలేస్తారు, నిజానికి లాభనష్టాలు అక్కడే తేలిపోవచ్చు.

తర్వాతది వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ పని నడవడానికి కావాల్సిన డబ్బు. నన్నడిగితే మిషన్ కంటే దీని గురించే ఎక్కువ ఆలోచించాలి. వేరుశనగ కోతల సమయంలో చవక, తర్వాత ధర పెరుగుతుంది. కోతలప్పుడు కొన్ని నెలలకు సరిపడా కొని పెట్టుకోవాలంటే ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. మీరు అమ్మిన నూనెకు దుకాణాలవాళ్లు వెంటనే డబ్బివ్వరు, నెలో నెలన్నరో ఆగమంటారు. ఆ రెండింటి మధ్య ఖాళీని పూడ్చేదే వర్కింగ్ క్యాపిటల్. ఉన్నదంతా మిషన్ల కింద చూపించి దీన్ని సున్నా చేస్తే, మిషన్ మెరుస్తూ ఉంటుంది, గింజలు ఉండవు. ఇంకో మాట, మొదటి ఏడాది మిషన్ పూర్తి సామర్థ్యంతో నడుస్తుందని రాయకండి. సగంతో మొదలుపెట్టి చూపించండి. ఆ సగంతోనే వాయిదా కట్టగలరో లేదో మీరే వేసి చూసుకోండి. కట్టలేమని తేలితే ప్రాజెక్టు సైజు తగ్గించండి, చిన్న మిషన్‌తో మొదలుపెట్టండి.

కరెంటు సంగతి మర్చిపోవద్దు. త్రీఫేజ్ కనెక్షన్‌కు ఎంత డిపాజిట్ కట్టాలో, స్తంభాలు వేయాలంటే ఎంతవుతుందో ముందే సబ్‌స్టేషన్‌లోనో విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులోనో కనుక్కోండి. మిషన్ కొటేషన్ మాత్రం జీఎస్టీ నంబరు ఉన్న అమ్మకందారు దగ్గరే తీసుకోండి.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? రెండూ ఆన్‌లైనే, రెండింటికీ ఫీజు లేదు. పీఎంఈజీపీకి ఖాదీ కమిషన్ పోర్టల్. అందులో ఏజెన్సీని మీరే ఎంచుకోవాలి: ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం, కొబ్బరి పీచు పనైతే కాయిర్ బోర్డు. ఆధార్, ఫొటో, కుల ధ్రువీకరణ, యూనిట్ గ్రామీణ ప్రాంతంలో ఉందన్న ధ్రువీకరణ, ప్రాజెక్టు రిపోర్టు సిద్ధంగా పెట్టుకోండి. తయారీలో 10 లక్షలు, సర్వీసులో 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. పీఎంఎఫ్‌ఎంఈకి ఆహార శుద్ధి మంత్రిత్వ శాఖ పోర్టల్. మీ జిల్లాకు ఎంపికైన ఉత్పత్తి ఏదో అక్కడ చూడండి, దానికి ప్రాధాన్యం ఉంటుంది. ఈ రెండు పథకాలకూ 15వ ఆర్థిక సంఘం కాలానికి, అంటే 2025-26 వరకు ఆమోదం ఇచ్చారు. కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో ఉన్న మార్గదర్శకాలు తెరిచి చూసుకునే ముందుకు వెళ్లండి.

బ్రోకర్ల గురించి ఒక మాట. సబ్సిడీలో పది శాతం ఇస్తే పని చేయిస్తామంటారు. పీఎంఎఫ్‌ఎంఈలో ప్రతి జిల్లాకూ రిసోర్స్ పర్సన్లు ఉన్నారు, డీఆర్‌పీ అంటారు. రిపోర్టు రాయడం, బ్యాంకు పని, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) రిజిస్ట్రేషన్, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ అన్నిట్లో సాయం చేయడం వాళ్ల పని. లోన్ మంజూరైన ఒక్కో దరఖాస్తుకు వాళ్లకు 20,000 రూపాయలు పథకం నుంచే ఇస్తారు. మీరు ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు. పేదవాళ్ల దగ్గర ఈ పేరు మీద డబ్బు గుంజుతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత నొక్కి చెప్తున్నాను.

బ్యాంకుకు వెళ్లే ముందు మీ సిబిల్ రిపోర్టు, అంటే మీ పాత అప్పుల చరిత్ర చూపే రిపోర్టు, తీసి చూసుకోండి. ఎప్పుడో తీసుకున్న బంగారం లోనో, హామీ సంతకం పెట్టిన లోనో బకాయిలో ఉంటే అక్కడే ఆగిపోతుంది.

సంఘాల సంగతికి వద్దాం. ఆహార తయారీ చేస్తున్న డ్వాక్రా సభ్యులకు పీఎంఎఫ్‌ఎంఈలో సీడ్ క్యాపిటల్ (మొదటి పెట్టుబడి డబ్బు) ఉంది, సభ్యురాలికి 40,000, సంఘానికి గరిష్ఠంగా 4 లక్షలు. చిన్న పనిముట్లు, సరుకు కొనుక్కోవడానికి. ఇది సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, సభ్యులకు మాత్రం అప్పుగా ఇస్తారు, వాళ్లు తిరిగి సంఘానికి కట్టాలి. ఆ డబ్బు సంఘంలోనే తిరుగుతూ ఇంకొకరికి ఉపయోగపడుతుంది. ఇది మొదటి మీటింగులోనే అందరికీ చెప్పేయండి, లేకపోతే ఉచితమనుకుని తర్వాత గొడవలవుతాయి. మీ గ్రామ సంఘం లీడరునో, మండలంలో సంఘాల పని చూసే ఏపీఎం గారినో అడిగితే దారి చెప్తారు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సహకార సంఘాలు కలిసి గోదామో, గ్రేడింగ్ యూనిటో పెట్టుకుంటే దానికీ 35 శాతం, గరిష్ఠంగా 3 కోట్ల వరకు ఉంది. బ్రాండింగుకు 50 శాతం.

లోన్ వచ్చాక మిషన్ డబ్బు ఖాతా నుంచే అమ్మకందారుకు పంపండి, నగదుగా ఇవ్వకండి. బిల్లులన్నీ ఒక ఫైలులో దాచండి. పీఎంఈజీపీ యూనిట్ అయితే పథకం పేరుతో బోర్డు పెట్టాలి, తనిఖీకి వచ్చినవాళ్లు యూనిట్ నడుస్తోందా అని చూస్తారు. సబ్సిడీ సర్దుబాటై, లోన్ గడువులో తీరిపోయి, యూనిట్ లాభాల్లో ఉంటే, పీఎంఈజీపీలోనే రెండో లోన్‌కు వెళ్లవచ్చు. తయారీకి కోటి రూపాయల వరకు ప్రాజెక్టు, 15 శాతం సబ్సిడీ.

మీరు పెట్టాలనుకుంటున్న యూనిట్ ఏదో, ఏ జిల్లానో కామెంట్‌లో రాయండి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అక్కడ పెట్టకండి.